మామిడి రసం తాగేది కాదు, తినేది

ఎండాకాలం వచ్చిందంటే మన ఇళ్ళల్లో మామిడి రసం రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి గ్లాసులో పోసి, నాలుగు ఐసు ముక్కలు వేసి, వచ్చినవాళ్ళ చేతికిచ్చేది. రెండోది గిన్నెలో పోసి కంచం పక్కన పెట్టేది. గ్లాసులోది గటగటా తాగి మూతి తుడుచుకుంటారు. గిన్నెలోది రొట్టెముక్కతో అద్దుకుని, వేళ్ళు నాక్కుంటూ తింటారు. పండు ఒకటే, రసం ఒకటే. కానీ ఒంటికి జరిగే మేలులో మాత్రం ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఇల్లాలికి ఈ తేడా తెలిస్తే షుగరున్న పెద్దవాళ్ళ దగ్గర్నుంచి చదువుకునే పిల్లల దాకా ఇంట్లో అందరికీ మామిడిపండులో వాటా దొరుకుతుంది. తెలియకపోతే కొందరికి ఎక్కువైపోతుంది, కొందరికి అసలే లేకుండా పోతుంది. ఆ మాట చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా వైపు పండ్లు

మాది ఇటిక్యాల. ఒకప్పుడు పాలమూరు జిల్లా, 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లా. హైదరాబాదు నుంచి కర్నూలు పోయే బస్సెక్కి, బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో దిగితే మా ఊరి దారి దొరుకుతుంది. మా ఇళ్ళల్లో జొన్నరొట్టె లేని రోజు ఉండదు. పప్పు, కారం, ఏదో ఒక ఆకుకూర, మజ్జిగ... ఏడాదిలో పది నెలలు మా కంచం ఇంతే. మిగిలిన రెండు నెలలు మాత్రం దాని పక్కన ఒక పసుపుపచ్చని గిన్నె చేరుతుంది. అదే మామిడి రసం.

మా పక్కనే కొల్లాపూర్ ఉంది. ఇప్పుడది నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. కొల్లాపూర్ మామిడి అంటే హైదరాబాదులో కూడా పేరు చెప్పి అమ్ముతారు. అక్కడినుంచి బేనిషాన్ పండ్లు పెబ్బేరు మీదుగా మా వైపు వస్తాయి. బేనిషాన్ అంటే మరేదో కాదు, కోస్తా వాళ్ళు బంగినపల్లి అనేదే. ఆ బనగానపల్లె కూడా మాకు దూరమేం కాదు, కర్నూలు దాటి పోతే వస్తుంది. ఈ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నూజివీడు వైపు నుంచి చిన్నరసాలు, పెద్దరసాలు వస్తాయి. ఇక మా చేన్ల గట్ల మీద, బావుల దగ్గర పెరిగే నాటు పండ్లు ఉండనే ఉన్నాయి.

కొత్తగా సంసారం పెట్టుకున్న చెల్లెళ్ళకు ఒక మాట చెప్పాలి. ప్రతి మామిడిపండూ రసానికి పనికిరాదు. బేనిషాన్‌లో గుజ్జు గట్టిగా ఉంటుంది, పీచు తక్కువ. అది కోసుకుని ముక్కలు తినాల్సిన పండు. రసం కావాలంటే పేరులోనే రసం ఉన్న పండ్లు తెచ్చుకోవాలి. లేదంటే నాటు పండ్లు. వాటిలో పీచు ఎక్కువ, తొక్క మందం, పిండితే ధారగా కారుతుంది. తోతాపురి మాత్రం ఎక్కువగా చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. సీసాల్లో, డబ్బాల్లో దొరికే మామిడి పానీయాల్లో చాలావరకు దాని గుజ్జే ఉంటుంది.

పిండడానికీ ఒక పద్ధతి ఉంది

ఇది మా అత్తమ్మ నేర్పింది. పండ్లను మొదట తొడిమ తీసి, ఒక గంటా రెండు గంటలు చల్లటి నీళ్ళల్లో వేసి ఉంచాలి. తొడిమ దగ్గర ఉండే సొన పెదవులకు తగిలితే మంట పుడుతుంది, కొందరికి మూతి చుట్టూ పొక్కులు కూడా వస్తాయి. "మామిడిపండు వేడి చేసింది" అని మనం అనుకునే వాటిలో కొన్ని ఈ సొన చేసే పనులే. నీళ్ళల్లో నానబెట్టి, తొడిమ దగ్గర రుద్ది కడిగి, మొదటి రెండు చుక్కలు పిండి పారేస్తే ఆ బాధ చాలావరకు పోతుంది.

తర్వాత పండును రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా నలపాలి. తొందరపడితే తొక్క పగిలి రసం మీదికి చిమ్ముతుంది. లోపల గుజ్జంతా మెత్తబడ్డాక తొడిమ దగ్గర ఒత్తితే రసం గిన్నెలోకి దానంతటదే జారుతుంది. టెంకను కూడా చేత్తో పిండాలి. పీచు మరీ ఎక్కువుంటే పెద్ద కన్నాల జల్లెడలో వడకట్టొచ్చు గానీ, పలుచటి గుడ్డలో వేసి పిండొద్దు. గుడ్డలో మిగిలిపోయే పీచులోనే మనకు పనికొచ్చే సుగుణం ఉంది. దాని సంగతి కిందే చెబుతాను.

రసం తీసిన గిన్నె స్టీలుదో, గాజుదో, పింగాణీదో అయి ఉండాలి. పండులో పులుపు ఉంటుంది కనుక ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెల్లో నిలవ ఉంచకూడదు. తీసిన రసం ఆ పూటకు ఆ పూటే అయిపోవాలి. మా ఊళ్ళో ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయిందంటే ఫ్రిజ్‌ను నమ్ముకోలేం.

కంచంలోనే ఎందుకు?

నేను ఇంటర్ దాకా చదివాను. బై.పి.సి. చదివిన గుర్తు కొంత, పేపర్లలో చదివి కత్తిరించి దాచుకున్నది కొంత. వాటినిబట్టి చూస్తే మన పెద్దలు రసాన్ని భోజనంలో పెట్టడం ఒట్టి రుచి కోసమే కాదనిపిస్తుంది.

మామిడి గుజ్జు 100 గ్రాములు తీసుకుంటే సుమారు 60 కాలరీలు, 14 గ్రాముల దాకా చక్కెర, ఒకటిన్నర గ్రాముల పీచు ఉంటాయి. సి విటమిన్ సుమారు 35 మిల్లీగ్రాములు. రకాన్నిబట్టి ఇది ఎక్కువ తక్కువలవుతుంది. మనలాంటి ఆడవాళ్ళకు రోజుకు 65 మిల్లీగ్రాముల సి విటమిన్ కావాలంటారు కాబట్టి, ఒక గిన్నె రసంతో అందులో సగం వచ్చేసినట్టే. ఇది కాక పండుకు ఆ రంగునిచ్చే కెరోటిన్ ఉంటుంది. మన ఒళ్ళు దాన్నే ఎ విటమిన్‌గా మార్చుకుంటుంది.

ఇప్పుడు చూడండి. కెరోటిన్ నూనెలో, నెయ్యిలో కరిగేదే గానీ నీళ్ళల్లో కరగదు. అది ఒంటికి పట్టాలంటే అదే పూట కొంచెం కొవ్వు కూడా కడుపులో పడాలి. మా వైపు రసం గిన్నెలో ఒక చెంచా కరిగిన నెయ్యి వేసుకోవడం ఆనవాయితీ. "నెయ్యి లేని రసం ముట్టొద్దు, వేడి" అనేది మా అమ్మమ్మ. ఆమెకు కెరోటిన్ అన్న పేరు తెలియదు. కానీ ఆ చెంచాడు నెయ్యి చేసే పని మాత్రం ఒక్క వేడి తగ్గించడం కాదని ఇప్పుడు తెలుస్తున్నది. ఉత్త కడుపున తాగిన గ్లాసెడు రసంలో ఈ నెయ్యి ఉండదు.

ఎ విటమిన్ తక్కువైతే రేచీకటి వస్తుంది. మా అత్తమ్మ చిన్నప్పుడు దీపాలు పెట్టే వేళకు గోడలు పట్టుకుని నడిచే పిల్లలు ప్రతి వాడకట్టులో ఉండేవారట. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు చేసిన పరిశోధనల ఆధారంగానే 1970లో దేశంలోని చిన్నపిల్లలకు ఆరు నెలలకోసారి ఎ విటమిన్ చుక్కలు వేసే పథకం మొదలైంది. మన తెలుగు గడ్డ మీద జరిగిన పని అది! ఎ విటమిన్‌ను మన కాలేయం నెలల తరబడి దాచి ఉంచుకోగలదు. ఎండాకాలంలో తిన్న మామిడి వానాకాలంలో కూడా కొంత అక్కరకు వస్తుందన్నమాట.

ఇక ఇనుము సంగతి. జొన్నల్లో, రాగుల్లో, తోటకూరలో ఇనుము ఉంటుంది గానీ అది ఒంటికి పట్టేది తక్కువ. అదే కంచంలో సి విటమిన్ ఉంటే ఎక్కువగా పడుతుంది. జొన్నరొట్టె పక్కన మామిడి రసం పెట్టడంలో ఉన్న మర్మం ఇదే. మా అమ్మాయికి కాలేజీలో రక్తపరీక్ష చేసినప్పుడు హిమోగ్లోబిన్ 9.4 ఉందన్నారు. డాక్టరు మాత్రలు రాసిచ్చారు. మాత్రలు మానకుండానే, మధ్యాహ్నం తోటకూర పప్పు, రొట్టె, చిన్న గిన్నె రసం పెట్టాను. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటును గంటన్నర ఆలస్యం చేయించాను. టీ ఇనుమును అడ్డుకుంటుంది కదా. మూడు నెలలకు 11.2కు వచ్చింది. మాత్రలదే పెద్ద చేయి, కాదనను. కానీ మాత్ర వేసుకోమంటే మూతి ముడిచే పిల్ల, రసం గిన్నె కోసం మాత్రం పిలవకుండానే వచ్చి కూర్చునేది.

మా అత్తమ్మ మామిడిపండు

మా అత్తమ్మకు డెబ్బై దాటాయి. పన్నెండేళ్ళుగా షుగరుంది. మాత్రలు వేసుకుంటుంది. మూడేళ్ళ కిందట ఒక బంధువుల ఇంట్లో శుభకార్యానికి పోతే, అక్కడెవరో మర్యాదకు పెద్ద గ్లాసు నిండా చక్కెర వేసిన మామిడి జ్యూసు ఇచ్చారు. మొహమాటానికి తాగింది. ఇంటికొచ్చి పరీక్ష చేస్తే 271. ఇక ఆ రోజు నుంచి మా ఆయన, మా ఆడబిడ్డ కలిసి ఇంట్లో గీత గీశారు. అమ్మ ముందు మామిడిపండు పేరెత్తకూడదన్నారు.

వాళ్ళది ప్రేమే. కాదని ఎవరంటారు? కానీ మిగతా అందరం బక్షాలు రసంలో ముంచుకుని తింటుంటే, తన కంచంలో ఉత్త రొట్టె, పప్పు చూసుకుని ఆమె ఏమీ అనేది కాదు. మెల్లగా మాతోపాటు అన్నానికి కూర్చోవడమే మానేసింది. "నాకు ఆకలి లేదు, మీరు కానియ్యండి" అని అరుగు మీదికి పోయేది. ఒకరోజు పొద్దున గాబు దగ్గర నీళ్ళు తోడుతుంటే, దాని వెనక చీమలు బారులు తీరి కనిపించాయి. చూస్తే ఒక టెంక, తొక్క. ఇంట్లో పిల్లలు అక్కడ దాచి తినాల్సిన అవసరం లేదు.

నేనేమీ అడగలేదు. ఆమే చూసి, తల దించుకుని అన్నది: "ఈ వయసుల నాకు దొంగతనం నేర్పిస్తిరి గదమ్మా."

ఆ మాట నా గుండెకు గుచ్చుకున్నది. దాచుకుని తిన్న పండుకు లెక్క ఉండదు, వేళ ఉండదు. నలుగురిలో కూర్చుని తింటే కొలిచి పెట్టొచ్చు. ఆ వారమే ఆమెను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పోయాను. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష చేయిస్తే 7.2 వచ్చింది. ఆయన చెప్పిన మాటలు ఒక కాగితం మీద రాసుకుని, వంటింట్లో అంటించాను. అవి ఇవి:

ఒకటి, రసంలో చక్కెర గానీ బెల్లం గానీ చిటికెడు కూడా వేయొద్దు.

రెండు, భోజనంతో తప్ప విడిగా తాగొద్దు. పప్పు, కూర, రొట్టెలతో కలిసి పోయిన తీపి రక్తంలోకి మెల్లగా చేరుతుంది. ఉత్త కడుపున తాగింది పరుగెత్తుకు పోతుంది.

మూడు, చిన్న గిన్నెలో సగం, అంటే 60, 70 గ్రాములు మించొద్దు. అది పెట్టిన పూట రెండు రొట్టెల చోట ఒకటిన్నర చాలు. రసాన్ని రొట్టె లెక్కలో కలపాలి, పైన కొసరు కాదు.

నాలుగు, తిన్న రెండు గంటలకు ఇంట్లోనే మిషన్‌తో చూసుకోవాలి. మామూలు రోజుల కంటే బాగా పెరిగితే మానేయాలి.

ఆ ఏడు ఏరువాక పున్నమి నాటికి మా గద్వాల వైపు అందరిలాగే మేమూ ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులేసి, పూజ చేసుకున్నాం. ఆ రోజు బక్షాలు, మామిడి రసం లేకుండా మాకు పండుగ కాదు. పండ్లకూ అవే ఆఖరు రోజులు. మిరుగు వచ్చి వానలు పడ్డాయంటే పండులో పురుగు చేరుతుంది. నేను మా ఆయనకు, ఆడబిడ్డకు ముందే ఆ కాగితం చూపించాను. కంచాలు వరసగా పెట్టాను. అత్తమ్మ కంచంలో రొట్టెన్నర, మెంతికూర పప్పు, గిన్నెలో సగం రసం, అందులో అర చెంచా నెయ్యి. ఆమె కంచం వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ మాట్లాడకుండా రొట్టె తుంచింది. తింటూ తింటూ పక్కనున్న మనవరాలి కంచంలోంచి వేలెడంత బక్షం ముక్క తీసి నోట్లో వేసుకున్నది. ఎవ్వరం ఏమీ అనలేదు. రెండు గంటల తర్వాత చూస్తే 182. మామూలు రోజుల్లో కూడా ఆమెకు 170, 180 ఉండేది.

అప్పటినుంచి మా ఇంట్లో ఎండాకాలం వారానికి రెండు సార్లు అత్తమ్మకు రసం గిన్నె ఉంటుంది. గాబు వెనక చీమలు లేవు. అన్నిటికంటే నాకు సంతోషం కలిగించింది ఏమిటంటే, ఆమె మళ్ళీ మాతో కూర్చుని తింటున్నది.

అయితే ఒక హెచ్చరిక. మా అత్తమ్మకు సరిపోయింది కదా అని అందరికీ సరిపోదు. షుగర్ అదుపులో లేనివాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, మూత్రపిండాల జబ్బుండి పొటాషియం తగ్గించమని చెప్పించుకున్నవాళ్ళు తమ డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

గ్లాసు లెక్క, డబ్బా లెక్క

మరి షుగర్ లేనివాళ్ళు గ్లాసులతో తాగొచ్చా? లెక్క వేసి చూద్దాం. పావు లీటరు గ్లాసు నిండాలంటే సుమారు 250 గ్రాముల గుజ్జు కావాలి. అందులోనే 35 గ్రాముల చక్కెర ఉంటుంది. పైన మనం రెండు మూడు చెంచాల చక్కెర వేస్తాం. మొత్తం 45, 50 గ్రాములు! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం రోజంతా కలిపి విడి చక్కెరలు సుమారు 50 గ్రాములు దాటకూడదు. జ్యూసుల్లో ఉండే తీపిని కూడా వాళ్ళు ఆ లెక్కలోనే వేస్తారు. అంటే ఒక్క గ్లాసుతో ఆ రోజు కోటా ఖతం. ఇక టీలో చక్కెర ఎక్కడ వేసుకుంటాం?

మన జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 100 గ్రాముల పండ్లు తినమంటుంది. ఒక గిన్నె రసం ఎంతో, అది అంతే. మన పెద్దలు పెట్టిన గిన్నె కొలత ఎంత సరిగ్గా కుదిరిందో చూశారా!

ఇక బజార్లో దొరికే మామిడి డబ్బాలు, సీసాలు. వాటి మీద పండు బొమ్మ పెద్దగా ఉంటుంది గానీ, చిన్న అక్షరాల్లో 'ఫ్రూట్ డ్రింక్' అని ఉంటుంది. చట్టం ప్రకారం అలాంటి పానీయంలో పండు కనీసం నూటికి 10 వంతులు ఉంటే చాలు. 200 మిల్లీలీటర్ల డబ్బాలో 20 మిల్లీలీటర్లు, అంటే నాలుగు చిన్న చెంచాల పండు. మిగిలింది నీళ్ళు, చక్కెర, పులుపు, రంగు, వాసన. కొన్నింటిలో పండు ఇంతకంటే ఎక్కువ ఉండొచ్చు. కొనే ముందు డబ్బా తిప్పి వెనక చదవండి. పిల్లలకు కొనిపెట్టేటప్పుడు అది పండు కాదు, తీపి నీళ్ళని తెలిసి కొనండి.

చిన్నపిల్లల విషయంలో మన దేశ శిశువైద్యుల సంఘం 2019లో ఒక మాట చెప్పింది. రెండేళ్ళ లోపు పిల్లలకు జ్యూసులు వద్దు. రెండు నుంచి ఐదేళ్ళ దాకా రోజుకు 125 మిల్లీలీటర్లు దాటొద్దు. ఆపైన 250 దాటొద్దు. ఆరు నెలలు నిండి అన్నం ముట్టిన బిడ్డకు మెత్తగా నలిపిన గుజ్జు రెండు చెంచాలు తినిపించవచ్చు. అది తినడమే కదా, తాగడం కాదు.

పండు ఎలా మాగిందో చూసుకోండి

ఎంత చెప్పినా పండు మంచిది కాకపోతే అంతా వృథా. పండ్లను కాల్షియం కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధం. దాంట్లో ఆర్సెనిక్, భాస్వరం కలిసి ఉండే ప్రమాదం ఉంది. ఎథిలిన్ వాయువుతో మాగబెట్టడానికి మాత్రం 2016 నుంచి అనుమతి ఉంది. పండు తనంతట తాను మాగేటప్పుడు పుట్టించుకునేది కూడా ఆ వాయువే.

కార్బైడ్ పండు తొక్క అంతా ఒకే తీరుగా పచ్చగా మెరుస్తుంది, కోస్తే లోపల తెల్లగా, పుల్లగా ఉంటుంది. దగ్గరకు తీసుకుంటే వాసన రాదు. చెట్టున ముదిరి మాగిన పండును ఇంట్లోకి తెస్తే పక్కింటికి తెలుస్తుంది! అందుకే నేను ముదురు కాయలే కొంటాను. ఒక గంపలో వరిగడ్డి పరిచి, కాయలను తొడిమ కిందికి పెట్టి, మళ్ళీ గడ్డి కప్పుతాను. గడ్డి దొరకనివాళ్ళు బియ్యం డబ్బాలోనైనా, పాత పేపర్లలో చుట్టయినా పెట్టొచ్చు. నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. రోజూ చూసి, మాగినవి తీస్తూ ఉండాలి. ఒకటి కుళ్ళితే పక్కవి కూడా పాడవుతాయి.

ఇక వంటలు

*బక్షాల రసం*

కావలసినవి: రసం పండ్లు పెద్దవి 6, కాచి చల్లార్చిన పాలు అర గ్లాసు, యాలకుల పొడి పావు చెంచా, శొంఠి పొడి రెండు చిటికెలు, ఉప్పు చిటికెడు, నెయ్యి తగినంత.

చేసే విధానం: రసం పిండి, పాలు తప్ప మిగతావి కలపాలి. తినబోయే ముందు మాత్రమే పాలు కలపాలి. పండు పుల్లగా ఉంటే పాలు విరుగుతాయి, అప్పుడు పాలు మానేయండి. నెయ్యి గిన్నెలో వేసుకోవచ్చు. బక్షంలో బెల్లం ఉండనే ఉంది కనుక రసంలో చక్కెర వేయకండి. పండు బాగుంటే దానికి వేరే తీపి అక్కరలేదు.

*టెంకల చారు*

పిండిన టెంకలు, తొక్కలు పారేయకండి. నాలుగు గ్లాసుల నీళ్ళల్లో వేసి బాగా పిసికి, వడకట్టండి. ఈ నీళ్ళల్లో నానబెట్టిన చింతపండు కొంచెం పిండి, చీల్చిన పచ్చిమిరపకాయలు నాలుగు, పసుపు, ఉప్పు వేసి పది నిమిషాలు మరగనివ్వాలి. నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, వెల్లుల్లి, కరివేపాకు పోపు పెట్టి, కొత్తిమీర చల్లితే చాలు. పులుపు, తీపి, కారం కలిసి వేడి అన్నంలోకి చాలా బాగుంటుంది. మరిగిస్తే సి విటమిన్ చాలావరకు పోతుందనుకోండి. అయినా పారేసే దానితో ఒక పూట చారు వెళ్ళిపోతుంది కదా.

*రాగిజావలో రసం*

రెండు పెద్ద చెంచాల రాగిపిండి చల్లటి నీళ్ళల్లో ఉండలు లేకుండా కలిపి, రెండు గ్లాసుల మరుగుతున్న నీళ్ళల్లో పోసి, చిటికెడు ఉప్పుతో ఉడికించాలి. పూర్తిగా చల్లారాక అర గిన్నె రసం కలపాలి. వేడి మీద కలిపితే సి విటమిన్ పోతుంది. జావ తాగమంటే పారిపోయే పిల్లలు కూడా దీన్ని అడిగి తాగుతారు. రాగుల్లో ఉన్న సున్నం, ఇనుము, మామిడిలోని విటమిన్లు ఒకే గ్లాసులో వచ్చేస్తాయి. దీన్ని మాత్రం గ్లాసులో పోసినా తప్పులేదు. ఇది కడుపు నింపే తిండే.

*ఇంటి తాండ్ర*

తాండ్రకు ఆత్రేయపురం పెట్టింది పేరు. అంత పెద్ద ఎత్తున కాకపోయినా మనమూ చేసుకోవచ్చు. నాలుగు గ్లాసుల రసానికి ఒక గ్లాసు బెల్లం తురుము వేసి, సన్నటి మంట మీద అడుగంటకుండా కలుపుతూ దగ్గరపడే దాకా ఉడికించాలి. ఒక చెంచా నిమ్మరసం కలిపి దించాలి. నెయ్యి రాసిన స్టీలు పళ్ళెంలో పలుచగా పోసి, పలుచటి బట్ట కప్పి, ఎండలో పెట్టాలి. పొర ఎండాక దానిపైన ఇంకో పొర పోయాలి. నాలుగైదు రోజుల్లో చేతికి అంటకుండా తయారవుతుంది. ఇది మిఠాయి కిందే లెక్క. పిల్లలకైనా రెండు వేళ్ళ ముక్క చాలు. అత్తమ్మలకు వద్దు.

*దాహానికి పచ్చిమామిడి నీళ్ళు*

దాహం తీరడానికి ఏదో ఒకటి తాగాలి కదా అంటారా? దానికి పండు రసం కాదు, పచ్చికాయ రసం మంచిది. రెండు పుల్లమామిడి కాయలు ఉడికించి, గుజ్జు తీసి, ఆరు గ్లాసుల కుండనీళ్ళల్లో కలపండి. ఒక చిన్న చెంచా ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, ఇష్టమైతే కొద్దిగా బెల్లం వేయండి. చెమటతో పోయిన ఉప్పును ఇది మళ్ళీ ఇస్తుంది. బి.పి. ఉన్నవాళ్ళు ఉప్పు తగ్గించుకోవాలి. చేను పనికి పోయేవాళ్ళకు సీసాలో పోసి ఇవ్వండి. కానీ ఎవరికైనా ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడితే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. వడదెబ్బ ప్రాణాలు తీస్తుంది.

చివరగా ఒక్క మాట. మామిడి కాలం రెండు నెలలే. ఈ రెండు నెలలు అందరి కంచాల పక్కనా గిన్నెలు పెట్టండి. కొలత మీ చేతిలో ఉంచుకోండి. ఎవరికి నిండు గిన్నె, ఎవరికి సగం, ఎవరికి రెండు చెంచాలు అన్నది వడ్డించే మనకే తెలుస్తుంది. వద్దని చెప్పడం ఎవరైనా చేయగలరు. ఎంత పెట్టాలో, దేనితో పెట్టాలో తెలుసుకుని పెట్టడం ఇల్లాలి పని. ఈ ఏడు మీ ఇంట్లో ఎవరైనా పండు వైపు చూసి తల తిప్పుకుంటున్నారేమో గమనించండి. డాక్టరును ఒకసారి అడిగి, వాళ్ళకూ ఒక చిన్న గిన్నె పెట్టే దారి ఉందేమో చూడండి.